విలియం రాక్స్‌బర్గు: సామర్లకోట వైద్యుడును, కొమ్మలక్కలోని కందిరీగయును

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యీయవలసినదని కార్యనిర్వాహకులు కోరిరి. దేశనాయకులను గూర్చియు, కవులను గూర్చియు వ్రాయగలవారు మన సభ్యులలోనే పలువురు కలరు. కావున నేను, మన బీరువాలలో ఎక్కడను పేరు కానరాని యొక వైద్యుని యెన్నుకొంటిని. బీరువాలలో లేకున్నను ఆయన పేరు మన అడవిలో ఉన్నది.

ఖమ్మము మెట్టపొలములు ముగిసి భద్రాచలము అడవులు మొదలగు ఈ సరిహద్దున వేసవి యనిన ఇప్పపువ్వు, తునికాకు. అటవీశాఖవారు చెట్లకు తగిలించు రేకుపలకలను పాఠకులు చూచియే యుందురు. శాస్త్రనామము, దాని వెనుక పొట్టిగా నొక మనుష్యుని పేరు ఉండును. తునికిచెట్టు పేరు వెనుక ఉన్నది రాక్స్‌బర్గు. ఏగిస వెనుకను, జిట్రేగి వెనుకను ఆయనయే. ఇప్పలో మనవైపు పెరుగు వెడల్పాకు రకమునకు పేరుంచినవాడును ఆయనయే. ఆయన చెట్ల శాస్త్రజ్ఞుడుగా లోకప్రసిద్ధుడు. అయితే ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆయన చెట్ల సంగతి కాదు. కొండలనుండి వచ్చిన యొక లక్కకొమ్మపై ఆయన చూచిన ఆవగింజకన్న చిన్నదగు పురుగు సంగతి. అందులో ఆయన పొరబడెను. ఆ పొరపాటే ఆయనపై నాకు గౌరవమును పెంచినది.

విలియం రాక్స్‌బర్గు 1751లో స్కాట్లండు దేశమున అయిర్ మండలమునందు జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. అక్కడ ఓషధిశాస్త్రము బోధించు జాన్ హోపు, స్వీడను దేశపు లిన్నేయసు మార్గమును అనుసరించినవాడు. ప్రతి ప్రాణికిని రెండు మాటల పేరు పెట్టి, అవయవములను లెక్కించి వర్గములుగా విభజించు పద్ధతిని లోకమునకిచ్చినది ఈ లిన్నేయసే. జంతువులకు ఆ పద్ధతి 1758లో మొదలైనది. అనగా రాక్స్‌బర్గు బాలుడుగా ఉన్నప్పటికి ఆ విద్య ఇంకను క్రొత్తది.

చదువు ముగియుచుండగనే ఈస్టిండియా కంపెనీ నౌకలలో వైద్యసహాయకుడుగా సముద్రయానములు చేసి, 1776లో చెన్నపట్టణమున కంపెనీవారి ఆసుపత్రిలో ఉద్యోగమున ప్రవేశించెను. అక్కడ మొట్టమొదట పట్టుకొన్న పని వాతావరణము. ప్రతిదినము పలుమార్లు ఎండవేడిమిని, వాయుభారమును, గాలిదిక్కును వ్రాసియుంచెడివాడు. ఆ దినచర్య లండను రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చయినది. చూచినదానిని చూచినరోజుననే వ్రాసిపెట్టు అలవాటు అప్పటినుండి జీవితాంతము ఆయనను విడువలేదు. లక్కకొమ్మ కథకు ఈ అలవాటే ప్రాణము.

1781లో ఆయనను సామర్లకోటకు మార్చిరి. నాడచ్చట కంపెనీవారి కోటయు, కొంత సైన్యమును ఉండెను. సైనికులకు మందులిచ్చుట ఉద్యోగము. మిగిలిన కాలమంతయు చెట్లకే. ఇంచుమించు పండ్రెండేండ్లు ఆయన మన తెలుగునేలపై గడిపెను. కోట సమీపమున తోట వేసి చెరకు, నీలి, మిరియము, కాఫీ, దాల్చిన మొదలగువానిని పెంచి చూచెను. రాజమహేంద్రవరపు సర్కారులో రైతులు చెరకు నాటుట మొదలు బెల్లము వండుట వరకు ఎట్లు చేయుదురో వివరముగా వ్రాసెను. అంకుడు చెట్టు ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని చూపెను. సోమిచెట్టు బెరడు జ్వరమునకు పనిచేయునని ప్రచారము చేసెను; ఆ చెట్టు శాస్త్రనామము నేటికిని సోమిద యను తెలుగుమాటయే. ఇది కంపెనీవారి లాభమునకై చేసిన పని యని మరువరాదు. ఏ చెట్టునుండి ఏ సరుకు వచ్చును, ఏ సరుకునకు లండనులో ఏ ధర పలుకును అనునదియే యజమానుల ప్రశ్న. అయినను ఆయన కనులు ధరతో ఆగిపోలేదు.

ఆయనకు గురుతుల్యుడు కొయినిగు. లిన్నేయసుకు స్వయముగా శిష్యుడై, 1768 ప్రాంతమున తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, పిదప కంపెనీవారి ఓషధిశాస్త్రజ్ఞుడైన పండితుడు. మన కరివేపాకు శాస్త్రనామములో నేటికిని ఈ కొయినిగు పేరున్నది. 1785లో కలకత్తాకు పోవుచు దారిలో రక్తగ్రహణి సోకి, కాకినాడ జగన్నాథపురమున ఆయన మరణించెను. చివరిదినములలో ప్రక్కనుండి మందులిచ్చినవాడు రాక్స్‌బర్గు. కొయినిగు పిదప ఆ పదవి విశాఖపట్టణమున నుండిన పాట్రికు రస్సెలుకు దక్కినది. రక్తపింజరకు ఇంగ్లీషువారు ఈయన పేరే పెట్టిరి. రస్సెలు స్వదేశమునకు వెడలిన పిమ్మట ఆ పని రాక్స్‌బర్గు మీద పడినది. ముగ్గురు వైద్యులు, ఒకరి వెనుక నొకరు, తెలుగు తీరమునే చదివిరి.

1787లో కోరంగి తీరమును ముంచిన తుఫానును గూర్చి పెద్దలు విందురు. ఆ యుప్పెనలో రాక్స్‌బర్గు పుస్తకములు, వ్రాతలు, ఎండబెట్టి దాచిన మొక్కలు అన్నియు పోయినవి. ప్రాణములు మాత్రము మిగిలినవి. మరల మొదటినుండి ఆరంభించెను. స్థానిక చిత్రకారులను జీతమిచ్చి కూర్చుండబెట్టి, ప్రతి మొక్కను దాని సహజ ప్రమాణమున వ్రాయించెను. పూవును విప్పి కేసరములను, గింజను విడివిడిగా చూపించెను. ఆ చిత్రములు రెండున్నర వేలకు మించినవి. ఇందులో నాకొక బాధ కలదు. గింజలోని మొలకను సహితము విడువక గీయించిన ఆ దొర, గీసినవారి పేర్లను పుస్తకములకెక్కించి లోకమునకు చెప్పలేదు. కొండలెక్కి కొమ్మలు తెచ్చినవారి పేర్లును అంతే. చెట్లకు మాత్రము తెలుగుపేర్లను ఆయన శ్రద్ధతో వ్రాసికొనెను.

1789 మొదలు 1792 వరకు ఉత్తర సర్కారులలో వానలు తప్పి ఘోరమైన క్షామము వచ్చినది. రాక్స్‌బర్గు వానలెక్క చూచుటతో తృప్తినొందక, పూర్వమిట్టిది వచ్చినదా యని పిఠాపురము రాజావారి పాత దస్తరములను విచారించెను. నూరేండ్ల వెనుక 1685 ప్రాంతమున అట్టిదే వరుస కరవు వచ్చినట్లు అందుండి గ్రహించెను. వాన వచ్చినను రాకున్నను తిండి దొరకునట్లు కొబ్బరి, తాటి, పనస, అరటి మొదలగువానిని గట్లవెంట విస్తారముగా నాటింపవలెనని కంపెనీవారికి వ్రాసెను.

ఇక లక్క సంగతి.

కొమ్మలక్క మన గిరిజనులకు క్రొత్తది కాదు. మోదుగు, రేగు, రావి కొమ్మలపై ఎఱ్ఱగా పొక్కులవలె కట్టును. గాజులకు, బొమ్మలకు, కంసాలి పనికి, ముద్రలకు పూర్వమునుండి వాడుచున్నదే. ఏటికొప్పాక బొమ్మలు చేయువారు అంకుడు కర్రపై పూయునది ఈ లక్కయే. అయితే లక్కను చేయు పురుగు ఎట్టిది, దానిలో ఆడది యేది, మగది యేది యను విషయము పండితులకు నాడు సరిగా తెలియదు. బంగాళమునుండి కెర్ అను నాతడు 1781లో రాయల్ సొసైటీవారికి ఒక వ్యాసము పంపియుండెను. అది సంపూర్ణము కాదు.

ఒక నవంబరు 20వ తేదీన కొండలనుండి రాక్స్‌బర్గుకు లక్క పట్టిన కొమ్మలు తెచ్చియిచ్చిరి. అవి వెలుతురు చెట్టు కొమ్మలు. ఆయన వానిని జాగ్రత్తగా దాచెను. పదునాలుగు దినములు గడచి, డిసెంబరు 4వ తేదీన చూడగా, లక్క గూళ్లపైనున్న సన్నని రంధ్రములనుండి కంటికానునంత మాత్రపు ఎఱ్ఱని పురుగులు వేలకొలది బయలుదేరి కొమ్మపై ప్రాకుచుండెను. భూతద్దము పట్టి కాళ్లను లెక్కించెను, మీసములను కొలిచెను, నడుమువెనుక వలయములను లెక్కించెను. ఒక గూడును కోసి, అందులోని ఎఱ్ఱని ద్రవమును, గ్రుడ్లను, దూదిపోగులవంటి తెల్లని నూలును చూచి వ్రాసెను. నోరు మాత్రము ఆనాడు కనబడలేదు, కనబడలేదనియే వ్రాసెను. మరునాడు పురుగును మెల్లగా నొక్కగా రొమ్ము మధ్యనుండి ముల్లువంటి నోరు వెలికివచ్చినది, దానిని వ్రాసెను.

డిసెంబరు 6వ తేదీన ఆయనకు మరియొక పురుగు కనబడెను. ఆ ఎఱ్ఱని గుంపు మధ్య అక్కడక్కడ ఒకటి, మిక్కిలి చురుకుగా పరుగెత్తుచుండెను. అయిదువేల ఎఱ్ఱపురుగులకు ఒకటి చొప్పున నుండునేమో. వానికంటె రెట్టింపు పెద్దది. కన్నులు నల్లనివి, పెద్దవి. కన్నుల నడుమ మెరయు ఆకుపచ్చని రంగు. మీసములు కొసయందు గదవలె లావై, మధ్యకు దిగువను మోకాలివలె మడతపడి యున్నవి. రెక్కలు నాలుగు, ముందు జత వెనుక జతకు రెట్టింపు, ముందంచు వెంబడి ఒకే ఒక గట్టి నరము. దవడలు అడ్డముగా కదలును. తాకినచో దూరముగా ఎగిరి దుముకును.

ఎఱ్ఱనివన్నియు ఆడవి గనుక, వాని నడుమ తిరుగు ఈ ఆకుపచ్చనిది మగదై యుండునని రాక్స్‌బర్గు నిశ్చయించెను. ఆ వ్యాసము కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి 1790 నాటి సంపుటమునను, 1791లో లండను రాయల్ సొసైటీవారి పత్రికలోను ప్రకటితమైనది.

ఆయన చెప్పినది తప్పు. లక్కపురుగులో మగదానికి రెక్కలున్నచో రెండే యుండును. కొన్నిటికి రెక్కలే యుండవు. పెరిగిన మగదానికి నోరే లేదు; అది ఏమియు తినదు. ఇక అడ్డముగా కదలు దవడ లెక్కడివి? నాలుగు రెక్కలు, మోకాలివలె మడతపడిన మీసము, రెక్కపై ఒకే నరము, లోహమువలె మెరయు పచ్చదనము, దుముకుట, ఇవన్నియు కలిసియున్న జీవి ఒక్కటే కలదు. అది లక్కపురుగునకు మగడు కాదు, మృత్యువు. చాల్సిడు వర్గమునకు చెందిన పరాన్నభుక్కు కందిరీగ.

పరాన్నభుక్కు అనగానేమో కొంత చెప్పవలెను. మన యింటి చూరులో గూడు పెట్టి కుట్టు కందిరీగ వేరు. ఇవి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల జీవులు. మనలను కుట్టవు. తల్లి తన సూదివంటి అవయవముతో లక్క గూడును పొడిచి లోపల గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల లక్కపురుగును లోలోపలనే తినుచు పెరిగి, తుదకు గూటికి గుండ్రని చిల్లిచేసి రెక్కలతో బయటపడును. బయటినుండి చూచువానికి, లక్కలో పుట్టి లక్కనుండి వచ్చినట్లే యుండును. ఏ పురుగునుండి ఏది బయటికి వచ్చినను అది దాని సంతానమే యని తలచుట సహజము.

రాక్స్‌బర్గును దూషించుటకు నాకు నోరు రాదు. నాడు లిన్నేయసు మార్గమున ఈ చిన్న కందిరీగలను విడదీసి చెప్పిన గ్రంథము లేదు. వీనిని వర్గములుగా పరిశోధించిన హాలిడే, వాకరు, వెస్టువుడు మొదలగువారు తరువాత నలువదేండ్లకు గాని పని సాగింపలేదు. లక్కనుండి వచ్చు కందిరీగలలో ముఖ్యమైన యొకదానికి 1896లో, అనగా నూరేండ్లు దాటిన పిమ్మట, సింహళపు నమూనాలను చూచి అమెరికా శాస్త్రజ్ఞుడు హోవర్డు పేరు పెట్టెను. 1923లో బెంగుళూరు శాస్త్రవిద్యాలయమునుండి లక్కపురుగుల వర్గీకరణము ప్రకటించిన మహదీ హసను మరియొకదానికి పెట్టెను. నేటికి లక్కపై పడు కందిరీగ జాతులు పలుకొలది తెలిసినవి.

మరి ఆయన పొరపాటు మనకెట్లు తెలిసినది? ఆయన వ్రాసిన వ్రాతవలననే. మగపురుగును చూచితిని, అది చురుకైనది అని మాత్రము వ్రాసి యూరకున్నచో రెండు శతాబ్దముల పిదప ఎవ్వరును ఏమియు చెప్పజాలరు. మీసము మడతను, రెక్కనరమును, దవడ కదలికను విడువక వ్రాసినందున, తీర్పు తప్పినను సాక్ష్యము నిలిచినది.

ఇది పండితుల వాదమని గ్రామస్థులు తలపరాదు. లక్క పెంచువారికి ఇందులో కూడు ఉన్నది. ఒక కొమ్మలక్కలో మూడు తెగల జీవులుండును. లక్కపురుగు ఒకటి. దానిని తిను శత్రువులు రెండవ తెగ. వానిలో కందిరీగలును, యూబ్లెమ్మా యను తెల్లని చిమ్మట గొంగళియు ముఖ్యములు. ఆ గొంగళిని పట్టి చంపు మరియొక కందిరీగ, బ్రాకను, మూడవ తెగ. ఇది లక్క రైతునకు మిత్రుడు. రెండును కందిరీగలే, రెండును లక్కకొమ్మనుండియే వచ్చును. ఒకటి పంటను తినును, మరియొకటి పంటను తినుదానిని తినును. పేరు తెలియక రెండింటిని ఒకటిగా ఎంచినవాడు మిత్రుని చంపుకొనును. బీజపు లక్కకొమ్మను అంగుళమునకు 60 కన్నులుగల సన్నని నైలాను వలసంచిలో పెట్టి చెట్టుకు కట్టుమని శాస్త్రజ్ఞులు చెప్పుట ఇందుకే. ఎఱ్ఱని పిల్లలు కన్నులగుండ చెట్టుపైకి ప్రాకును. శత్రువులు సంచిలో చిక్కును. ఈ విషయములను పరిశోధించుటకై రాంచీ చేరువ నామ్‌కుమున 1924లో ప్రత్యేక సంస్థయే వెలసినది.

మన మిరపచేలలోను, వరిచేలలోను కట్టు ట్రైకోగ్రామా కార్డుల సంగతి యువరైతులకు తెలియును. అందులోనిదియు ఇట్టి కందిరీగయే, ఇంకను చిన్నది. పురుగుల గ్రుడ్లలో తన గ్రుడ్డు పెట్టును. మన దేశమున సర్వసాధారణమైన ట్రైకోగ్రామా జాతిని చాల ఏండ్లు పరదేశపు జాతుల పేర్లతో పిలుచుచుండిరి. బెంగుళూరున పనిచేసిన నాగరాజ, సుధా నాగర్కట్టి యనువారు 1970 ప్రాంతమున మగకందిరీగ జననేంద్రియ నిర్మాణమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, బయటికి ఒకటిగా కనబడు జాతులను విడదీసిరి. అరమిల్లీమీటరు ప్రాణిలో అంతకన్న ఎన్నో రెట్లు చిన్నదగు అవయవమును చూచి తీర్పు చెప్పుట యనిన సామాన్యమా!

ఆకారమును బట్టి గుర్తించు విధానము నేటికిని ఇదియే. మొదట రెక్కలు, నరములు. పిదప మీసములో కణుపులెన్ని. కాలికొసన కణుపులు మూడా, నాలుగా, అయిదా. మూడైనచో ట్రైకోగ్రామా కుటుంబము. నాలుగైనచో సాధారణముగా యూలోఫిడు కుటుంబము. రొమ్ముప్రక్క పలక ఉబ్బి, నడిమి కాలితో దుముకునదైనచో ఎన్‌సిర్టిడు కుటుంబమని అనుమానింపవలెను. రాక్స్‌బర్గు దుముకుటను వ్రాసెను గాని కాలికొస కణుపులను లెక్కింపలేదు. కావుననే ఆయన చూచినది చాల్సిడు అని చెప్పగలుగుదుము గాని, ఆ వర్గమున ఫలానా జాతి యని ఆ వ్రాతనుబట్టి చెప్పరాదు.

ఇరువదియొకటవ శతాబ్దమున మరియొక సాధనము వచ్చినది. 2003లో కెనడా దేశమున గ్వెల్ఫు విశ్వవిద్యాలయపు పాల్ హెబర్టు దానిని ప్రతిపాదించెను. ప్రతి జీవకణములోను డి.ఎన్.ఎ. యను పోగు కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన పొడవైన వ్రాత. అందులో సి.ఓ.ఐ. యను జన్యువునుండి 650 అక్షరములు మాత్రము చదివినచో చాలవరకు జంతుజాతులను గుర్తింపవచ్చునని ఆయన చెప్పెను. అంగడి సరుకులపై గీతలుండును గదా, ఆ పోలికచే దీనిని బార్‌కోడు అనిరి. మన గ్రంథాలయ భాషలో చెప్పవలెననిన, అట్టయు మొదటి పుటయు చిరిగిపోయిన పుస్తకము చేతికి వచ్చినది. లోపల ఒక పుట చదివి, మంచి ప్రతిలోని పుటతో పోల్చి, ఇది ఫలానా పుస్తకమని చెప్పుట వంటిది. కందిరీగ కాలొకటి చాలును. పిల్లదశలోనున్న, రెక్కయు మీసమును లేని పురుగునైనను చెప్పవచ్చును. ఇది ఆకారముచే ఎన్నటికిని సాధ్యముకాని పని.

దీనివలన ఎంత తేడా వచ్చునో ఒక్క సంగతి చెప్పెదను. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు అడవులలో గొంగళులనుండి పెంచిన కందిరీగలను ఆకారముచే వర్గీకరించిన పండితులు 171 జాతులని లెక్కించిరి. బార్‌కోడుతో మరల చూచి, ఏది ఏ గొంగళిని పట్టునో దానితో సరిపోల్చగా, 2008లో ఆ లెక్క 313 అయినది. ఒకే రూపున రెండు మూడు జాతులు దాగియుండెను.

అయితే క్రొత్తది వచ్చెనని పాతది పారవేయుట పొరపాటు. మంచి ప్రతి బీరువాలో లేనిదే చిరుగు పుటను దేనితో పోల్చుదుము? ముందు ఎవరో ఒకరు కన్నులతో చూచి, కణుపులు లెక్కించి, పేరు నిర్ణయించి, ఆ నమూనాను సూదికి గ్రుచ్చి దాచి, దాని అక్షరమాలను భాండారమున చేర్చియుండవలెను. ఇంకొక చిక్కు: కందిరీగ కడుపులో అది తిన్న పురుగు ఆనవాలు ఉండవచ్చును, పరీక్షలో కందిరీగకు బదులు దాని ఆహారము పేరు రావచ్చును. రాక్స్‌బర్గు బల్లపై జరిగిన తబ్బిబ్బు యంత్రములోను జరుగవచ్చునన్నమాట! కావుననే నేటి శాస్త్రజ్ఞులు రెండు సాక్ష్యములను కలిపి గాని తీర్పు చెప్పరు.

రాక్స్‌బర్గు లక్కపురుగునకు పెట్టిన పేరు నిలువలేదు. ముందు వ్రాసిన కెర్‌కే ఆ గౌరవము దక్కి, నేడు లక్కపురుగు ఆయన పేరనే కెర్రియా యని పిలువబడుచున్నది. చెట్లలో మాత్రము రాక్స్‌బర్గునకు ఎదురు లేదు.

1793లో కలకత్తా చేరువ శిబ్‌పూరు తోటను స్థాపించిన కిడ్డు మరణింపగా, ఆ తోట ఆధిపత్యము రాక్స్‌బర్గుకు లభించినది. ఇరువదేండ్లు అచ్చట పనిచేసెను. టస్సరు, ఆముదపు పట్టుపురుగులను గూర్చి వ్రాసెను, జనపనారను పరిశోధించెను, దేశదేశముల మొక్కలను తెప్పించి పెంచెను. సామర్లకోటలో వ్రాయించిన చిత్రములనుండి ఏరినవి లండనులో బ్యాంక్సు పర్యవేక్షణమున 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో వెలువడినవి. కోరమాండలు తీరపు మొక్కలని ఆ గ్రంథము పేరు. మన తునికియు, ఇప్పయు మొదటి సంపుటముననే ఉన్నవి.

ఆరోగ్యము చెడి 1813లో ఆయన భారతదేశమును విడిచెను. దారిలో సెయింట్ హెలీనా ద్వీపమున దిగవలసివచ్చినది. రోగియై దిగినవాడు మంచమునే పట్టియుండక ఆ ద్వీపపు మొక్కలకు పట్టిక వ్రాసెను. 1815లో ఎడింబరోలో కన్నుమూసెను. అక్కడి గ్రేఫ్రయర్సు శ్మశానమున ఆయన సమాధి యున్నది.

కలకత్తా విడుచునప్పుడు తన వ్రాతప్రతులను శ్రీరామపురపు మిషనరీ, స్నేహితుడు విలియం కేరీకి అప్పగించి వచ్చెను. కేరీ 1814లో తోట పట్టికను, 1820లో భారతదేశపు మొక్కల మహాగ్రంథము మొదటి భాగమును అచ్చువేయించెను. ఆ గ్రంథము సంపూర్ణముగా వెలువడినది 1832లో, గ్రంథకర్త పోయిన పదునేడేండ్లకు. అందులో మొక్క తరువాత మొక్కకు సంస్కృత నామము, బంగాళీ నామము, వాని ప్రక్కన తెలుగు నామము అచ్చుపడియున్నవి. ఆ తెలుగు నామములలో పెక్కు సామర్లకోట కోటలో, కొమ్మను చేత బట్టుకొని ఎదుట నిలిచిన కూలివానిని అడిగి వ్రాసికొన్నవి.